నాన్న ఓటు

శనివారం పొద్దున ఇంట్లో ఉన్నవాళ్ళు: నాన్న ఎమ్లిన్, అమ్మ ఇనెకె, నాయనమ్మ ఓల్వెన్, పదింటికి వచ్చిన ట్రెఫోర్ బాబాయి, నేను. అమ్మ మేడమీద పెట్టె సర్దుకుంటోంది. మిగిలినవాళ్ళం వంటింట్లో ఉన్నాం. నేనేమీ మాట్లాడలేదు, అందుకే అన్నీ గుర్తున్నాయి.

"రెండు నిమిషాలన్నయ్యా. లేస్తావు, చెబుతావు, కూర్చుంటావు. రెండంటే రెండే నిమిషాలు."

"ఏం చెప్పాలి ట్రెఫ్?"

"రాసిచ్చాను కదా. 'నేను ఎమ్లిన్. పదేళ్ళ కిందట యూరప్ యూనియన్‌లోంచి బయటికి వచ్చేద్దామని ఓటేశాను. తప్పు చేశాను. దేశం మళ్ళీ చేరాలి.' అయిపోయింది."

"నువ్వే చెప్పొచ్చుగా. అంత బాగా వచ్చింది నీకు."

"నేను మొదట్నుంచీ ఉందామన్నవాణ్ణి. నేను లేస్తే 'వీడిదెప్పుడూ ఇదే పాట' అంటారు. నువ్వు చెబితే వేరు. అటు ఓటేసి, దానివల్లే మునిగినవాడివి."

"ఒరేయ్ ట్రెఫ్, ముందా బూట్లు విప్పి మాట్లాడు. నేలంతా బురద చేశావు."

"విప్పుతానమ్మా, ఒక్క నిమిషం. అన్నయ్యా, మీటింగు పదకొండింటికి. వేల్స్‌లో ఊరూరా ఇదే మాట నడుస్తోందిప్పుడు, మన ఊరు మాత్రం..."

"చర్చి పక్క గదిలో ముప్పైమంది చేతులెత్తితే బ్రస్సెల్స్‌లో కూర్చున్న ఆ యూనియన్ వాళ్ళ దాకా వినిపిస్తుందా నాయనా? అందులో సగంమందికి నాలాగే చెవుడు."

"అమ్మా, నువ్వాగు."

"నా వంటింట్లో నన్నే ఆగమంటున్నావా?"

"మారెద్, మీ నాయనమ్మకి టీ పొయ్యమ్మా. కప్పు నోటి దగ్గర ఉన్నంతసేపైనా ఆగుతుంది."

"ఆ ఎండుద్రాక్ష రొట్టె కూడా కొయ్యవే మారెద్, మీ బాబాయికి. చొక్కా చూడు ఎలా వేలాడుతోందో. ట్రెఫ్, మీ ఆవిడ వండటం మానేసిందా?"

"ఇది సూపర్‌మార్కెట్ చొక్కా అమ్మా, అందరికీ ఒకటే సైజు. నిన్న అక్కడ ఏం సర్దానో చెప్పనా? ఆల్చిప్పలు. చిలీ నుంచి వచ్చినవి, మంచు పొట్లాల్లో. భూమికి అవతలి కొస అది! ఈ కిటికీ తీస్తే మనం పెంచిన ఆల్చిప్పల మడి. ఇరవయ్యేళ్ళు అన్నయ్యా, నువ్వూ నేనూ ఒకే పడవలో ఆ మడి మీద బతికాం. ఇప్పుడు నేను చిలీ పొట్లాలు సర్దుతున్నాను."

"మడిలో ఏమీ లేదిప్పుడు. బురద."

"చేరితే మళ్ళీ వస్తుంది."

"ఎలా వస్తుంది ట్రెఫ్? పిల్ల ఆల్చిప్పలు తెచ్చి వెయ్యాలి. మూడేళ్ళు కాచుకోవాలి. పడవ అమ్మేశాను. కాచుకోడానికి ఓపికున్నవాడెవడు? నువ్వా, నేనా?"

"నీళ్ళు అవే కదా! మనం లోపల ఉన్నన్నాళ్ళు యూరప్ వాళ్ళు బతికున్న సరుకుని అలాగే లారీలో తీసుకెళ్ళి, వాళ్ళ తొట్లలో వాళ్ళే కడుక్కున్నారు. బయటికి రాగానే, 'మీ నీళ్ళు రెండో తరగతివి, అక్కడే కడిగి పంపండి' అన్నారు. కడిగింది అంత దూరం బతకదు. నీళ్ళు మారలేదు, ఆల్చిప్పలు మారలేదు. మనం నిలబడ్డ చోటు మారింది. అంతే."

"అదే నేననేది. నిన్న మంచివన్న నీళ్ళనే ఇవాళ చెడ్డవన్నారు. అలాంటివాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చెయ్యి చాస్తారా?"

"బయటికి వచ్చింది మనం అమ్మా. వాళ్ళు పొమ్మనలేదు."

"మీ నాన్న పడవని కోయమన్నది వాళ్ళు కాదా? చేపలకంటే పడవలెక్కువయ్యాయని కాగితం పంపారు. ముప్పయ్యేళ్ళు నడిపిన పడవ. ఆ ఒడ్డునే, రంపాలతో. మీ నాన్న ఈ కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. పోయేదాకా మళ్ళీ అటు తిరగలేదు."

"సంతకం పెట్టింది లండన్ వాళ్ళు."

"కలం అందించిందెవరు?"

"అమ్మా, అది ముప్పయ్యేళ్ళ కిందటి మాట!"

"నీకు."

"సరే, నాన్న పడవ వద్దు. మా అబ్బాయి రైస్ సంగతి చూడు. మారెద్‌కైతే వాళ్ళమ్మ హాలండ్ మనిషి కాబట్టి రెండు పాస్‌పోర్టులు. మావాడు అక్కడ మూడు నెలలు దాటి ఉండకూడదు. వాడు చేసిన పాపమేంటి? అప్పుడు వాడికి నాలుగేళ్ళు. అన్నయ్యా, నువ్వు మాట్లాడవేం? ఆ ఆఖరి లారీ మర్చిపోయావా?"

"ఎలా మర్చిపోతాను?"

"నాలుగు రోజులు రేవులో ఆపి వెనక్కి పంపారు. సంచులు విప్పితే అన్నీ చచ్చి, నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఆ కంపులో ఈ పిల్ల కూడా పార పట్టుకుంది. పదకొండేళ్ళ పిల్ల!"

"పిల్లని ఇందులోకి లాగకు. ఇద్దరూ కొంచెం గొంతు తగ్గించండి. పైన వినిపిస్తుంది."

"వినిపించనీ! వదిన కోసమే కదా నేనొచ్చింది. పోయిన ఆదివారం వాకిట్లో నిలబడి నాతో ఏమందో తెలుసా? 'ఆ మీటింగులో నోరు విప్పమను ట్రెఫ్ మీ అన్నయ్యని. విప్పితే నేను పెట్టె విప్పేస్తాను' అంది."

"అలా అందా?"

"ఆ మాటే అంది. ఇవాళ కారెక్కితే సాయంత్రం ఓడ. రేపు పొద్దున్నకి హాలండ్‌లో వాళ్ళన్న ఇంట్లో ఉంటుంది. చుట్టపుచూపు కాదు, అక్కడ ఉద్యోగం చూసుకుంది. తెలుస్తోందా నీకు? వదిన వెళ్ళిపోతోంది, నువ్వు టీ తాగుతున్నావు."

"చల్లారిపోతుందని..."

"అన్నయ్యా!"

"ఆ మాట నేననలేను ట్రెఫ్."

"ఏ మాట? మళ్ళీ చేరదామన్న మాటా, తప్పు చేశానన్న మాటా?"

"రెండోది."

"ఏం? ఓటు వెయ్యలేదా?"

"ఓటు గుట్టుగా వేసేది. అడక్కూడదు."

"గుట్టా! మర్నాడు పొద్దున్నే అమ్మ కొట్లో నిలబడి 'మా ఇంటి నుంచి రెండోట్లు, రెండూ బయటికే' అని ఊరంతటికీ చెప్పింది. ఈ ఇంట్లో ఓటున్నది మీ ఇద్దరికే. పరాయి దేశం మనిషని వదినకి లేదు. నువ్వేమో నన్ను మడి దగ్గర వదిలి, ఆ వారమంతా పిల్ల ఆల్చిప్పల కోసం సముద్రం మీదున్నావు. అయినా వదిలావా? నీ బదులు అమ్మ వెయ్యడానికి సర్కారుకి కాగితాలు పెట్టి మరీ నీ ఓటు వేయించావు. ఎందుకంత పట్టుదల? నీ పెళ్ళాం తన ఇంట్లో తను ఉండడానికి సర్కారుకి ఫోన్లో మొహం చూపించి అర్జీ పెట్టుకోడానికా?"

"పో, ట్రెఫ్."

"అమ్మా, నువ్వైనా చెప్పు వీడికి."

"రొట్టె పట్టుకెళ్ళరా. మీటింగులో తిను."

"నాకొద్దు. నువ్వలా పొయ్యి వైపు తిరిగావేమిటమ్మా?"

"చలి."

"అన్నయ్యా, మొదటి వరసలో కుర్చీ ఖాళీ ఉంచుతాను."

"ఎవరో ఒకరు కూర్చుంటార్లే."

బాబాయి వెళ్ళాక అమ్మ కిందికి వచ్చింది.

"ఎమ్లిన్, నా నీలం స్వెటర్ చూశావా?"

"తీగ మీదుంది. ఇంకా ఆరలేదు."

"తడిగానే పెట్టుకుంటాను."

"ముక్కిపోయిన వాసన వస్తుంది."

"రానీ."

"టైర్లు చూశాను. వెనక ఎడమదాంట్లో గాలి తక్కువుంటే కొట్టాను."

"మంచిది."

"కొండదారిలో వానట."

"సరే."

"ఓడలో కాఫీ బాగుండదు. ఫ్లాస్కులో పోసి పెట్టనా?"

"ఎమ్లిన్."

"ఊఁ."

"పదకొండు కావస్తోంది."

"అవును."

"ట్రెఫ్ కుర్చీ ఉంచుతానన్నాడు."

"ఉంచుతానన్నాడు."

"పోనీ మీటింగు వద్దు. ఇక్కడే, ఈ బల్ల దగ్గర, నాతో చెప్పు. మళ్ళీ చేరడం నీకిష్టమా, కాదా?"

"నా ఇష్టంతో ఏమవుతుంది?"

"ఏమవుతుందని కాదు నేనడిగింది."

"వాళ్ళు రానిస్తారో లేదో. రానిచ్చినా పాతలాగా ఉండదు ఇనెకె. ఒకసారి వెళ్ళిపోయినవాళ్ళని గుమ్మం దగ్గరే కూర్చోబెడతారు."

"ముందు తలుపు కొట్టాలి కదా."

"కొట్టాక లేదంటే?"

"అడిగామని ఉంటుంది. వాకిట్లో పదేళ్ళు అలా నిలబడిపోవడం కంటే నయం కదా."

"షెడ్డులో పనుంది నాకు. తాళ్ళు చూసుకోవాలి."

"పడవే లేదు. తాళ్ళెందుకు?"

"ఉన్నాయి కదా మరి."

"వెళ్ళు. చూసుకో."

"ఇనెకె..."

"ఆఁ, చెప్పు. చెప్పు ఎమ్లిన్."

"ఎడమ టైరు. దారిలో ఎక్కడైనా ఆగి ఒకసారి చూసుకో."

నాన్న షెడ్డుకి, అమ్మ మేడమీదికి. పదకొండు దాటింది. వంటింట్లో నాయనమ్మ, నేను.

"నాయనమ్మా."

"ఆ బంగాళాదుంపలు అందుకో."

"నాన్న ఆ ఒక్క మాట అంటే ఏం పోతుంది? మనసులో లేకపోయినా అనొచ్చుగా."

"ఏ మాట?"

"తప్పు చేశానని. అంటే అమ్మ ఉండిపోతుంది. బాబాయి చెప్పాడు కదా, ఉండిపోతుంది. జూన్‌లో నాకు పరీక్షలు. అమ్మ లేకుండా నేను, నేను ఈ ఇంట్లో... నువ్వెందుకేడుస్తున్నావు?"

"ఉల్లిపాయ."

"అవి బంగాళాదుంపలు."

"కత్తికి అంటుకుని ఉంటుంది."

"నాయనమ్మా."

"మీ నాన్న అనడే తల్లీ. చెయ్యని తప్పు చేశానని ఎలా అంటాడు?"

"ఓటేశాడుగా."

"వేసింది నేను."

"నాన్న చెప్పినట్టేగా వేశావు?"

"నీళ్ళు పొయ్యి మీద పెట్టు."

"నాయనమ్మా, నాన్న చెప్పినట్టే కదా వేశావు?"

"'ఉందామని వెయ్యమ్మా' అన్నాడు. పడవెక్కే ముందు ఒకసారి, ఎక్కాక ఫోన్ చేసి ఇంకోసారి. 'ఇనెకె కోసం' అన్నాడు. సరేనన్నాను. దొంగ సరే కాదు, నిజంగానే అన్నాను. మీ బళ్ళోనే ఓట్లు. పిల్లల బల్లలు పక్కకి నెట్టి, చెక్కలు అడ్డం పెట్టారు. తాడు కట్టిన పెన్సిలొకటి. నాదో చీటీ, వాడిదో చీటీ. నాది ముందు వేశాను, బయటికే. అది నా ఇష్టం. దానికి ఎవరికీ జవాబు చెప్పను. ఇవాళ అడిగినా అదే వేస్తాను."

"నాన్న చీటీ?"

"పెన్సిల్ కింద పెట్టాను. మళ్ళీ తీశాను. కిటికీలోంచి ఒడ్డు కనిపిస్తోంది. మీ తాతయ్య పడవ కోసిన చోటు. చెయ్యి దానంతటది అటు వెళ్ళింది."

"దానంతటదా?"

"కాదులే. నేనే పంపాను."

"ఒక్క ఓటుతో దేశం మారిపోదు కదా నాయనమ్మా."

"దేశం గోల నాకెందుకే. ఈ ఇల్లు మారిపోయింది."

"నాన్నకి తెలుసా?"

"తిరిగొచ్చిన రాత్రే చెప్పాను, ఇక్కడే. కేకలేస్తాడనుకున్నాను. మెల్లిగా బూట్లు విప్పుకున్నాడు. 'ఇనెకెకి చెప్పకు. తెలిస్తే మీరిద్దరూ ఒక పొయ్యి దగ్గర నిలబడలేరు. నేనే వేశాననుకోనీ. మొగుడి మీద కోపం ఎన్నాళ్ళుంటుంది, అదే పోతుంది' అన్నాడు."

"పోయిందా?"

"పెట్టె సర్దుతోంది కదా."

"నేను అమ్మకి చెబుతాను."

"చెప్పు. నేనే చెప్పమన్నానని చెప్పు. ఆ మెట్లెక్కడానికి నా మోకాళ్ళు... మోకాళ్ళు కాదు. నాకే ధైర్యం లేదు."

"ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

"నాన్నా! ఎప్పుడొచ్చావు?"

"వెనక తలుపు తీసే ఉంది. మారెద్, ఆ మాట ఈ వంటిల్లు దాటకూడదు. మీ నాయనమ్మకి ఎనభై మూడేళ్ళు. ట్రెఫ్‌కి తెలిస్తే ఈ గడప తొక్కడు."

"అమ్మ వెళ్ళిపోతోంది నాన్నా."

"తెలుసు."

"అయితే వెళ్ళి ఉండమను. ఓటు సంగతి ఎత్తొద్దు. ఏమీ ఎత్తొద్దు. ఊరికే ఉండమను."

"ఏం చూపించి ఉండమనను? మడి పోయింది, పడవ పోయింది. పొద్దున్నే లేచి పడవ లేని తాళ్ళకి ముడులు వేసి, మళ్ళీ విప్పుతున్నాను. అక్కడ ఆమెకి పనుంది, అన్న ఉన్నాడు, తన భాష ఉంది. ఇక్కడేముంది? నేను. నాకోసం ఉండు అనడానికి మొహం చెల్లాలి కదమ్మా."

"ఎమ్లిన్, నా మాట విను నాయనా. నేను మీటింగుకి వెళ్ళి చెబుతాను, ఇప్పుడే, నా కోటు తే..."

"కూర్చో అమ్మా."

"నేనెళ్ళి చెప్పనా నాన్నా, నువ్వు ఉండమన్నావని? ఆ ఒక్కటే చెబుతాను."

"వద్దు. ఏమీ చెప్పొద్దు. ప్రశాంతంగా వెళ్ళనీ."

"అమ్మ ఎప్పుడు దిగిందో, కారు స్టార్ట్ చేసింది. నాన్నా, కారు స్టార్ట్ చేసింది!"

"మారెద్! ఎక్కడికి? మారెద్!"

వాకిట్లో. అమ్మ కారులో కూర్చుంది. తలుపు ఇంకా వెయ్యలేదు.

"అమ్మా, ఆగు. ఆగు, ఆగు, ఆగు."

"మేజోళ్ళతో పరిగెత్తుకొచ్చావా? తడిసిపోయాయి చూడు."

"నాన్న కాదమ్మా. నాన్న ఉందామనే వెయ్యమన్నాడు. నాయనమ్మే అటు వేసింది. నీకు తెలిస్తే మీ ఇద్దరికీ పడదని నాన్న తన మీదేసుకున్నాడు. పదేళ్ళు మోశాడు. నాన్న ఏ తప్పూ చెయ్యలేదమ్మా!"

"ఊపిరి తీసుకో."

"తీసుకున్నాను. విన్నావా నువ్వు?"

"విన్నాను. నువ్వు ఒక్క బిగిన ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి."

"అమ్మా!"

"నాకు తెలుసు మారెద్."

"ఏం తెలుసు?"

"అంతా. మీ నాన్న సముద్రం మీంచి వచ్చిన రాత్రి నీకు మంచినీళ్ళు తేవడానికి దిగాను. సగం మెట్ల మీద ఉన్నాను. వాళ్ళిద్దరూ ఇక్కడి వెల్ష్ భాషలో మాట్లాడుకుంటున్నారు. నాకు రాదనుకున్నారు. అప్పటికి నేనిక్కడికొచ్చి ఎనిమిదేళ్ళు. రొట్టె కొనేంత వచ్చు, ఎవరైనా పోతే వెళ్ళి పలకరించేంత వచ్చు. 'ఇనెకెకి చెప్పకు' అన్నది అర్థం కాకపోవడమేం?"

"మరి... మరి నాన్నని ఎందుకు అడగలేదు?"

"ఆయనే చెబుతాడని చూశాను. వారం చూశాను. క్రిస్మస్‌కి చెబుతాడనుకున్నాను. ఫోన్లో నా మొహం తీసి అర్జీ పెట్టిన రోజు పక్కనే కూర్చున్నాడు. ఇవాళ ఖాయంగా చెబుతాడనుకున్నాను. 'కిటికీ వైపు తిరుగు, వెలుతురు చాల్లేదు' అన్నాడు."

"బాబాయితో అన్నావుగా, మీటింగులో తప్పు ఒప్పుకుంటే ఉంటానని."

"తప్పు ఒప్పుకోమని నేననలేదు. అది ట్రెఫ్ కలిపింది. నోరు విప్పమన్నాను, అంతే. మళ్ళీ చేరదామననీ, వద్దననీ, ఏదైనా సరే. 'నాకిది కావాలి' అని ఆ మనిషి అనగా వినాలని ఉంది నాకు. ఒక్కసారి."

"నాయనమ్మ మీద కోపం లేదా నీకు?"

"ఎందుకు లేదు? బోలెడుంది. అయినా ఆవిడ వండింది తిన్నాను, ఆవిడ కాళ్ళకి మందు రాశాను. కోపం పెట్టుకుని ఒక ఇంట్లో బతకొచ్చు, బతికాను కదా. ఇది నా వల్ల కావడం లేదు. పొద్దున వంటింట్లో చూశావుగా."

"ఉండమ్మా. నేనడుగుతున్నాను కదా. నేను అడుగుతున్నాను."

"నువ్వు పరీక్షలయ్యాక వద్దువుగాని. టికెట్ నేను పంపుతాను."

"నాకు టికెట్ వద్దు. నువ్వు దిగు."

"మారెద్, ఒక్క మాట అడుగుతాను. నిజం చెప్పు. నిన్ను మీ నాన్న పంపాడా?"

"లేదు! ఎవరూ పంపలేదు, నేనే వచ్చాను. నాన్న వద్దన్నాడు. నీకేమీ చెప్పొద్దన్నాడు. అయినా వచ్చాను."

"వద్దన్నాడా?"

"వద్దనే అన్నాడు. నేను ఆగలేదు."

"నీకు అబద్ధం రాదు. అంతా వాళ్ళ పోలికే అనుకున్నాను."

"దిగుతావా అమ్మా?"

"ఆయన పంపి ఉంటే దిగేదాన్ని మారెద్. వేళ్ళు తియ్యి, తలుపు వేస్తున్నాను."